దొరబాబు కట్టు

ఎదుర్లంక రేవులో ఏరు దాటించే పంటు కదలగానే అందరూ గోదావరికి దణ్ణం పెట్టుకున్నారు. వీరలక్ష్మి కూడా పెట్టుకుంది. పక్కన మొగుడు నూకరాజు, ఒళ్ళో ఆరేళ్ళ కొడుకు అంజిబాబు. వాడి కుడిచేతికి ఆపరేషను చేయించడానికి కాకినాడ పెద్దాసుపత్రికి వెళుతున్నారు కనుక, కొడుకు చెయ్యి బాగవ్వాలనే మొక్కుకుంటోందని నూకరాజు అనుకున్నాడు. అదీ మొక్కుకుంది. కానీ అంతకంటే ముందు, తోటికోడలు కాంతం నలుగురిలో నిలబడి తన నోటితో తనే నిజం చెప్పే రోజు రావాలని మొక్కుకుంది. ఆ రోజు తొందరగా రావాలనీ, అప్పటిదాకా కాంతానికి కంటినిండా నిద్ర ఉండకూడదనీ కూడా కలిపింది. మొక్కుకునేటప్పుడు పిసినారితనం దేనికి!

వాళ్ళది బండారులంక. అన్నదమ్ములిద్దరికీ ఒకటే పెంకుటిల్లు, ముందు వసారాలో రెండు మగ్గాలు. పెద్దవాడు అప్పారావు, ఆయన భార్య కాంతం, వాళ్ళకి లేకలేక పుట్టిన కూతురు ఇందిర. చిన్నవాడు నూకరాజు, వీరలక్ష్మి, వాళ్ళకి అంజిబాబు, వాడి వెనకాల తులసి. నూకరాజు మగ్గంలో కూర్చున్నాడంటే చీర అంచు మీద ఈగ వాలినా జారిపోయేంత నున్నగా నేస్తాడు. అన్నగారి ఎదట మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. అన్నగారు ఏది చెప్పినా ఈయన 'ఆయ్' అంటాడు. ఆ 'ఆయ్'తోనే వచ్చింది చిక్కంతా.

ఉప్పెన వచ్చిన మరుసటేడు వేసవిలో అంజిబాబు జామచెట్టు మీంచి పడ్డాడు. మోచెయ్యి బూరెలా పొంగింది. వీరలక్ష్మి పిల్లాణ్ణి ఎత్తుకుని అమలాపురం ఆసుపత్రికి బయల్దేరింది. కాంతం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇంట్లో మనిషిని పెట్టుకుని ఆసుపత్రేవిటే? కోసిపారేస్తారు వాళ్ళు. మా అన్నయ్యకి కబురెడతాను, సాయంత్రానికల్లా వచ్చి కట్టేస్తాడు," అంది.

కాంతం అన్నయ్య దొరబాబు విరిగిన ఎముకలకి కట్లు కట్టడంలో పేరున్నవాడు. కొత్తపేట అవతల ఆయన ఊరు. మంగళవారం వస్తే చాలు, ఆయన అరుగు ముందు జనం తీర్థంలా ఉంటారు. ఆయనవల్లే కాంతానికి అత్తారింట్లో ఒక ఎత్తు ఎక్కువ. వీధిలో ఎవరి కాలు బెణికినా ముందు ఆవిణ్ణే పలకరిస్తారు మరి.

దొరబాబు సైకిలు దిగి, చెయ్యి పట్టి చూసి, కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపించాడు. గుడ్డ చుట్టి, ముద్ద మెత్తి, చుట్టూ వెదురుబద్దలు పేర్చాడు. బిగించి కట్టడానికి గట్టి నూలు పేటలు కావాలన్నాడు. కాంతం పెరట్లోకి కేకేసింది.

"వీరలక్ష్మీ, నీ నూలు పట్రాయే. పొద్దున్న గంజి పెట్టేవు కదా, నీ చేతి గంజి ఇనప తీగే!"

ఆ మాట నిజం. వీరలక్ష్మి గంజి పెట్టిన నూలు తెగడమన్నది బండారులంకలో ఎవరూ ఎరగరు. అంత దుఃఖంలోనూ ఆ మెప్పు ఆవిడకి రవ్వంత బాగానే అనిపించింది. దండెం మీద ఆరుతున్న నూలు తీసి తన చేతులతోనే తెచ్చి ఇచ్చింది. దొరబాబు పేటలు మెలివేసి, మీద మీద చుట్టి, పళ్ళు బిగబట్టి లాగి ముడేశాడు.

"పదిరోజులకి నేనొచ్చి విప్పేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కట్టిన చెయ్యే విప్పాలి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

పిండీ గంజీ ఎండి రాయిలా బిగుసుకున్నాయి. లోపల చెయ్యి వాస్తూనే ఉంది. పిల్లాడు ముందు మూలిగాడు, తర్వాత ఏడ్చాడు, తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. వేళ్ళు ఉబ్బి నీలంగా తిరిగాయి. వీరలక్ష్మి కత్తెర తీసింది. కాంతం ఆ కత్తెర లాక్కుంది. "ఏడిస్తే ఏం, ఎముక అతుక్కుంటోందన్నమాట," అంది. అప్పారావు గట్టిగా, "ఆయన చెప్పింది విన్నాం కదా, ఓర్చుకోండి," అన్నాడు. వీరలక్ష్మి మొగుడి వంక చూసింది. నూకరాజు తల దించుకుని, "ఆయ్," అన్నాడు.

కట్టు విప్పే రోజుకి పిల్లాడికి ఏడవడానికి కూడా ఓపిక లేదు. చర్మమంతా పొక్కులు. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. లాగితే రావు, వదిలితే మళ్ళీ ముడుచుకుంటాయి. దొరబాబు మొహంలో కూడా నెత్తురు చుక్క లేదు. అయితే తప్పు చేసినవాడి నోరు మహా చురుగ్గా పనిచేస్తుంది.

"ఈ కట్టుకి మైల తగిలిందమ్మా. బయటున్న ఆడమనిషెవరో ముట్టుకున్నారు. ఇంక నేనేం చెయ్యగలను?" అన్నాడు.

అందరి కళ్ళూ వీరలక్ష్మి మీదికి తిరిగాయి. రాత్రింబవళ్ళు పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకున్నది ఆవిడే కదా.

నేతవాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. నెలసరికి బయట చేరిన ఆడది మగ్గం దరిదాపులకి రాదు, నూలు పోగు ముట్టదు. పెరట్లో పాకలో కూర్చుని, స్నానం చేశాకే లోపలికి వస్తుంది. అలాంటిది, కట్టు కట్టిన పూట వీరలక్ష్మి నూలుకి గంజి పెట్టింది. ఆ నూలు తెమ్మని కేకేసింది కాంతం. ఆవిడ చేతుల్లోంచి అందుకున్నదీ కాంతమే. ఆ తర్వాత ఆ కట్టు విప్పేదాకా వీరలక్ష్మి పాక ముఖం చూసింది లేదు. మగవాళ్ళకి ఇవన్నీ పట్టవు. ఇంట్లో ఎవరు బయట ఉన్నారో ఎవరు లేరో ఖచ్చితంగా చెప్పగలిగింది తోటికోడలు ఒక్కతే.

"అక్కా, నువ్వు చెప్పు. నేను బయటున్నానా? బయటుంటే నా చేత నూలు తెప్పిస్తావా?" అంది వీరలక్ష్మి.

కాంతం అన్నగారి వంక చూసింది. నేల వంక చూసింది.

"ఏవోనే. నాకేం గుర్తు?" అంది.

ఇంతే మాట. అరిచి తిట్టినా వీరలక్ష్మి మర్చిపోయేదేమో గానీ, ఈ మాట మాత్రం ఆవిడ గుండెల్లో దిగబడిపోయింది. కాలవ రేవులో బట్టలుతికే ఆడవాళ్ళు ఆవిడని చూసి మాటలు ఆపేసేవారు. ఎవరింట్లోనైనా పిల్లాడికి జ్వరం వస్తే ఆవిణ్ణి గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు. కన్నకొడుకు చెయ్యి తనే పోగొట్టుకుందట, ఒళ్ళు తెలియని మనిషట. అంజిబాబు బడిలో పలక పట్టుకోలేక ఇంటికొచ్చేసేవాడు. వాడి ముడుచుకున్న పిడికిలి చూసినప్పుడల్లా వీరలక్ష్మికి కడుపు మండేది. ఆ మంటని ఆర్పుకోవాలని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. పొయ్యిలో నిప్పులాగా కప్పి ఉంచుకుంది.

అప్పట్నుంచి కాంతంతో మాటలు బంద్. ఒకే ఇల్లు, ఒకే నుయ్యి, పక్కపక్క పొయ్యిలు. ఉప్పు కావలసి వస్తే, "తులసీ, దొడ్డమ్మ దగ్గర ఉప్పుందేమో అడుగు," అనేది. కాంతం ఎదురుగానే నిలబడి ఉండేది. మూడేళ్ళ తులసి అటూ ఇటూ తిరిగి కబుర్లు మోసేది. ఆ పిల్లకి అదో ఆట.

ఆఖరికి ఊరి బడి మాస్టారు చెప్పగా పిల్లాణ్ణి కాకినాడలో చూపించారు. కండకి నెత్తురు అందక ఎండి కురచైపోయిందనీ, కోసి సరిచేస్తే వేళ్ళు చాలావరకు తెరుచుకుంటాయనీ, పూర్తిగా మునుపటిలా మాత్రం కావనీ ఎముకల డాక్టరు చెప్పాడు. ఆపరేషనుకి రోజు పెట్టారు. తులసిని ఎక్కడ ఉంచాలి? వీరలక్ష్మికి తల్లి లేదు. తులసిని చూడగలిగిన ఆడది ఇంట్లో ఒకర్తే ఉంది. వీరలక్ష్మి కూతురికి రెండు జడలేసి, గౌను తొడిగి, కాంతం పొయ్యి దగ్గర వదిలిపెట్టి, మొహం చూడకుండా వచ్చేసింది. పగవాళ్ళ చేతికే పిల్లని అప్పగించాల్సి వచ్చినందుకు దారంతా పళ్ళు నూరుకుంది.

ఆపరేషను గదిలోకి తీసుకెళుతుంటే అంజిబాబు ఎడమచేత్తో తల్లి కొంగు పట్టుకుని వదల్లేదు. నర్సు రాహేలు వచ్చి వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. ఆవిడది రాజోలు. నవ్వు మొహం కాదు గానీ చెయ్యి మెత్తన. తలుపులు మూసుకున్నాక వీరలక్ష్మి గోడకి ఆనుకుని కూర్చుని, దేవుళ్ళందరినీ పిలిచింది. మధ్యమధ్యలో కాంతాన్ని తిట్టుకుంది. రెండు పనులూ కలిసిపోయి, ఏ దేవుడి పేరు తర్వాత ఏ తిట్టు వచ్చిందో ఆవిడకే తెలియలేదు.

పిల్లాణ్ణి బయటికి తెచ్చారు. చేతికి ఆసుపత్రివాళ్ళ పిండికట్టు, చివర్న వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. వేళ్ళు చాపి ఉన్నాయి. ఏడాదికి కొడుకు వేళ్ళు చాపి ఉండగా చూసిన తల్లి ఏం చెయ్యాలో తెలియక వాటి మీద నోటితో ఊదింది. రాహేలు వచ్చి ఆ వేళ్ళ రంగు చూసి, గోరు నొక్కి వదిలి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చి చూసింది.

"అస్తమానం ఎందుకు చూస్తున్నారండీ?" అంది వీరలక్ష్మి.

"కట్టు ఎవరు కట్టినా వేళ్ళు చూస్తూ ఉండాలమ్మా. నల్లబడితే వెంటనే కట్టు కోసెయ్యాలి."

వీరలక్ష్మి మంచం పట్టె పట్టుకుని ముందుకి ఒంగింది. "సిస్టరమ్మగారూ, మైల తగిల్తే చెయ్యి ఇలాగవుద్దాండీ?" అని అడిగింది.

"మైలా లేదు, గియిలా లేదు. బిగించి కట్టేరు, నెత్తురు పారలేదు. అంతే. సాయంత్రమే తెంపేసుంటే ఈ పిల్లాడికి ఆపరేషనే లేదు."

"కాసేపుండండి," అని వీరలక్ష్మి వరండాలోకి పరుగెత్తి, బీడీ కాల్చుకుంటున్న మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. "ఆ మాట మళ్ళీ చెప్పండి, ఈయనకి."

రాహేలు మళ్ళీ చెప్పింది. నూకరాజు విన్నాడు. అలవాటుగా "ఆయ్" అనబోయి, సగంలో ఆగి, గోడవైపు తిరిగి ఏడ్చాడు. వీరలక్ష్మి ఓదార్చలేదు. ఇంకొంచెం సేపు ఏడిస్తే బాగుండునని కూడా అనుకుంది. తర్వాత ఆయన్ని ఊరికి పంపుతూ, "ఈ మాట బావగారికి చెప్పండి," అంది. చెప్పడని ఆవిడకి తెలుసు.

పిండికట్టు తీశాక వేళ్ళు ఆడించడం మొదలెట్టించారు. రాహేలు గుడ్డ ఉండ ఒకటి చేసి ఇచ్చింది, దాన్ని పట్టుకోవాలి, వదలాలి. నొప్పితో వాడు గిలగిల్లాడేవాడు. వీరలక్ష్మి బతిమాలేది, బెదిరించేది, ఒక్కోసారి ఇద్దరూ కలిసి ఏడ్చేవారు. పట్టు దొరికిన రోజు వాడు గర్వంగా, "అమ్మా, చెయ్యి బాగయ్యేకా ఏం చెయ్యమంటావు?" అన్నాడు. మీ దొడ్డమ్మ చెంప మీద ఒకటివ్వరా అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "నూలు కండెలు చుడుదువు గానిలే," అంది.

ఊరికి వెళ్ళాక చెయ్యవలసింది ఆవిడ ఎప్పుడో నిశ్చయించుకుంది. మంగళవారం చూసి దొరబాబు అరుగెక్కుతుంది. వచ్చిన జనమందరి ముందూ కొడుకు చేతి మీద కుట్లు చూపిస్తుంది. కానీ ఎవరు నమ్ముతారు? మైల చేసిన మనిషి ఇంకొకళ్ళ మీద నెడుతోందంటారు. కాంతం నోరు విప్పితే తప్ప ఆ పగ తీరేది కాదు. కాంతం నోరు విప్పదు.

ఒక మధ్యాహ్నం వార్డు గుమ్మంలో కలకలం వినిపించి వీరలక్ష్మి తలెత్తింది. కాంతం. జుట్టు రేగిపోయి ఉంది. చంకలో ఎనిమిదేళ్ళ ఇందిర, పిల్ల ముంజేతికి పుస్తకం అట్ట పెట్టి తువ్వాలుతో వదులుగా కట్టి ఉంది. వెనకాల అప్పారావు, అతని భుజం మీద తులసి. సైకిలు నేర్చుకుంటూ కాలవగట్టు మీంచి పడిందట. ముంజెయ్యి విల్లులా వంగింది.

పాపం అనిపించాలి. అనిపించలేదు. వీరలక్ష్మికి సంతోషమే కలిగింది, అదీ ఒళ్ళంతా పాకే సంతోషం. పసిపిల్ల చెయ్యి విరిగితే సంతోషమేమిటని మనసు మందలించింది గానీ ఆవిడ దాని మాట వినిపించుకోలేదు. పరుగెత్తుకొచ్చిన తులసిని ఎత్తుకుని, వార్డంతా వినబడేలా అడిగింది. ఇన్నాళ్ళలో తోటికోడలితో ఆవిడ నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

"అదేవిటక్కా, ఇంతదూరం వచ్చేరు? మీ అన్నయ్యగారు ఊళ్ళో లేరా?"

కాంతం మొహం కందిపోయింది. "లేడే. అంతర్వేదిలో పెళ్ళికెళ్ళేడు," అంది.

ఎముక సరిచేసేటప్పుడు పిల్లని ఎవరో ఒకరు పట్టుకోవాలన్నారు. కాంతం గోడకేసి తిరిగి చెవులు మూసుకుంది. అప్పారావు, వేలెత్తి ఇల్లంతా నడిపించే మనిషి, గుమ్మం అవతలికి జారుకున్నాడు. వీరలక్ష్మి తులసిని దింపి, వెళ్ళి, ఇందిర వెనకాల కూర్చుని రెండు చేతులా వాటేసుకుంది.

"ఇటు తిరుగక్కా," అంది. "కళ్ళు మూసుకోకు. మావాడికి నేను చూసేను, నువ్వూ చూడు."

కాంతం తిరిగింది. డాక్టరు చెయ్యి లాగాడు. ఇందిర పెట్టిన కేకకి కిటికీ మీద పావురాలు లేచిపోయాయి. ఏడాదిగా వీరలక్ష్మి ఎదురుచూస్తున్నది ఇలాంటి కేక కోసమే. తీరా వచ్చాక అది అచ్చం అంజిబాబు కేకలాగే ఉంది. తెలియకుండానే ఆవిడ చేతులు పిల్లని గుండెలకి అదుముకున్నాయి. ఇంతసేపూ ఉన్న సంతోషం ఎటు పోయిందో పోయింది. కోపం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇందిరకి అంజిబాబు పక్కమంచం ఇచ్చారు. వాడు తన కుట్లు చూపించి గొప్పలు పోతున్నాడు. అమ్మ మందుల కోసం వెళ్ళిందని ఇందిర బిక్కమొహం పెడితే, వీరలక్ష్మి పాలలో రొట్టె ముంచి నోట్లో పెట్టింది.

"పిన్నీ, మావయ్య కడితే ఇంతకంటే నొప్పెడుద్దా?" అంది పిల్ల.

"మీ మావయ్య ఊళ్ళో లేరట కదే."

"ఉన్నాడు. నేను పడ్డాకా సైకిలేసుకుని వచ్చేసేడు, వెదురుబద్దలు కూడా తెచ్చేడు. అమ్మే తలుపేసి గడియ పెట్టేసింది. మావయ్య చాలాసేపు కొట్టేడు. అమ్మ తియ్యలేదు. నన్ను నోరు మూసి పట్టుకుంది."

వీరలక్ష్మి చేతిలో రొట్టెముక్క పాలగ్లాసులో పడిపోయింది. గ్లాసు కింద పెట్టి, కొంగు బిగించి, వరండాలోకి వెళ్ళింది. కాంతం మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉంది. వీరలక్ష్మి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"మావాడికెందుకు వెయ్యలేదక్కా, ఆ గడియ?"

కాంతం దేన్ని గురించి అని అడగలేదు. సంచీ ముడి విప్పింది, మళ్ళీ కట్టింది.

"అప్పుడు నమ్మేనే. ఒట్టు. మా అన్నయ్యంటే నాకు అంత నమ్మకం. అంజిగాడి చెయ్యి చూసేకా..." అని ఆగిపోయింది.

"మావాడి చెయ్యి పెట్టి నేర్చుకున్నావన్నమాట. నేర్చుకుని, మీ పిల్లని దాచుకున్నావు. నన్ను మాత్రం మైలమనిషిని చేసి వీధిలో నిలబెట్టేవు."

"చెప్తే అన్నయ్య బతుకేంటే? ఆ అరుగెవరు ఎక్కుతారు? నాకింక పుట్టిల్లుంటదా?"

"ఉండకపోతే పోనీ. మావాడి చెయ్యి పోలేదా?" అంది వీరలక్ష్మి. "రేపు ఆ అరుగు మీద పడుకోబెట్టే పిల్లల కోసం అడుగుతున్నాననుకునేవు, అంత మంచిదాన్ని కాను. నా కోసమే అడుగుతున్నాను. నేను ఆ పూట బయట లేనని, నూలు నా చేత తెప్పించింది నువ్వేనని చెప్పు. నీ కూతురికి మీ అన్నయ్యని గుమ్మం తొక్కనివ్వలేదని చెప్పు. జనం ముందు చెప్పు."

లోపల ఇందిర అమ్మా అని పిలిచింది. కాంతం లేవలేదు. కన్నీళ్ళు ముక్కు మీదుగా కారుతుంటే తుడుచుకోలేదు కూడా. ఆఖరికి తనే నోరు విప్పింది.

"మంగళవారం అయితే జనం ఎక్కువుంటారు. ఆ రోజే వెళదాం," అంది. "నేను చెప్తాను. ఒక్కదాన్నే అంటే నోరు పెగలదే. నువ్వు నా పక్కన నిలబడతావా?"

వీరలక్ష్మి ఒంగి సంచీ అందుకుని, ఇందిర మందులు తీసి పెట్టింది.

"పక్కన కాదక్కా," అంది. "ఎదురుగా నిలబడతాను. చెప్పేటప్పుడు నీ మొహం నేను చూడాలి."